బండల నడుమ వసంతము

ఎడారి యనగానే ఇసుకతిన్నెలు కనులయెదుట నిలుచును. కాని ఎడారిలోను వసంతము కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారులలో చలికాలపు వానలు చక్కగా కురిసిన యేట, ఏండ్ల తరబడి ఇసుకలో వేచియున్న విత్తనములు మొలకెత్తి, నేలయంతయు పూలమయ మగును. వేలాది జనులు ఆ వింతను నడచి చూతురు.

హైదరాబాదు ఎడారి కాదు, అది రాతిసీమ. నాంపల్లి స్టేషనులో రైలు దిగినవారికిని, ఆబిడ్స్ అంగళ్ల సందడిలో తిరుగువారికిని ఈ సంగతి తోపదు. సమీపముననున్న నౌబత్ పహాడ్ వంక చూచినచో నగరము బండలమీద వెలసినదని తెలియును. నౌబత్ అనగా నగారా. పహాడ్ అనగా కొండ. 1976లో వెలసిన పాలరాతి బిర్లా మందిరము ఆ కొండపైననే కలదు.

ఇచటి గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నీరు పగుళ్లలో జొచ్చి వాని అంచులను అరగదీయును. పగటి యెండకు వేగి, రాత్రి చలికి ముడుచుకొని, పైపొరలు ఉల్లిపొరలవలె ఊడిపోవును. అందుచేతనే అవి గుండ్రనై, ఎవరో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి.

ఫాల్గుణ చైత్రములలో ఈ బండల నడుమ నడచువారికి మొదట ఎండిన గడ్డియే కనబడును. ఇంతలో ఆకులులేని మోదుగచెట్టు నిప్పురంగు పూలతో ఎదురగును. వాన లేని కాలమున దానికీ వైభవ మెట్లు కలిగినది? చెట్టు ఆకులద్వారా నీటిని ఆవిరిగా కోల్పోవును. ఆకులు రాల్చినచో ఆ నష్టము తగ్గును. వేళ్లు రాతి పగుళ్లలో లోతుగా చొచ్చి తేమను గ్రహించును. ఆకుల చాటు లేనందున పూలు దూరమునకే కనబడును. తేనెకై వచ్చిన పక్షులు పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చును. ఎడారి విత్తనము వానకై వేచియుండగా, మోదుగ వాన రాకముందే పూచుచున్నది. రెండును నీటి పొదుపు నేర్చినవే.

వెచ్చని బండపై తొండ ఎండ కాగుచుండును. పైన పాలపిట్ట ఎగసి, గాలిలో దొర్లుచు, నీలి రెక్కలు మెరయ దిగివచ్చును. ఇది తెలంగాణ రాష్ట్రపక్షి. పురుగులను తిని రైతునకు మేలు చేయును. నగరము నడుమనే యున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమున నెమళ్లను సయితము చూడవచ్చును.

ఇట్టి బండలు అనేకము ఇండ్లకొరకును, బాటలకొరకును పగులగొట్టబడినవి. బండ పోయినచో తొండకు నీడయు, చెట్టువేరునకు తేమ దాచు పగులును పోవును. ఈ నష్టమును గుర్తించినవారు 1996లో శిలల రక్షణకై ఒక సంఘమును స్థాపించి, జనులను బండల నడుమ నడిపించి వాని విలువను తెలుపుచున్నారు.

మోదుగచెట్టును నరికినను మరల నాటవచ్చును. 250 కోట్ల సంవత్సరముల శిలను ఒక్కనాటిలో పగులగొట్టవచ్చును. కాని దానిని మరల నిలుపగలవా రెవ్వరును లేరు.