ఆరోగ్య బీమా ఉన్నా డాక్టరు ఫీజు మన జేబులోంచేనా?

తొలి ఉద్యోగంలో చేరి నెల రోజులైనా కాలేదు. మూడు రోజులుగా జ్వరం. దగ్గరలోని క్లినిక్‌కు వెళ్లి సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే, "ఇది ఇక్కడ చెల్లదండీ, ఫీజు కట్టాలి" అన్న సమాధానం వస్తుంది. ఇల్లు విడిచి నగరాలకు వచ్చిన యువతీయువకులు ఎందరికో ఎదురయ్యే అనుభవమిది. కార్డులో లోపం లేదు. అది ఏ ఖర్చుకు వర్తిస్తుందో ముందుగా తెలియకపోవడమే ఇబ్బందికి కారణం.

మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలలో అధిక భాగం ఆసుపత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చుల కోసం రూపొందినవి. సాధారణంగా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. కంటిశుక్లం శస్త్రచికిత్స, డయాలసిస్ వంటి వాటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంటుంది. డాక్టరును చూసి మందుల చీటీతో ఇంటికి వచ్చేవారి ఖర్చు ఇందులోకి రాదు. ఆయుష్మాన్ భారత్, తెలంగాణలోని ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌టీఆర్ వైద్యసేవ పథకాలు కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినవే.

అయితే ఆ చీటీని పారవేయకూడదు. ఆసుపత్రిలో చేరడానికి ముందూ, డిశ్చార్జి తరువాతా అదే జబ్బుకు అయిన ఖర్చులను అనేక పాలసీలు చెల్లిస్తాయి. బీమా సంస్థలు ఒకే విధమైన నిబంధనలతో అందించే 'ఆరోగ్య సంజీవని' పాలసీలో ఈ గడువు చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తరువాత 60 రోజులు. ఉదాహరణకు, జ్వరమని డాక్టరును సంప్రదించి రక్తపరీక్ష చేయించుకున్న వ్యక్తి నాలుగు రోజుల తరువాత డెంగ్యూతో ఆసుపత్రిలో చేరితే, తొలి ఫీజునూ పరీక్ష ఖర్చునూ క్లెయిములో చేర్చవచ్చు. అందుకు డాక్టరు చీటీ, అసలు బిల్లులు, పరీక్షల నివేదికలు ఉండాలి.

డాక్టరు సంప్రదింపు నుంచే వర్తించే రక్షణ ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ. ఈ చట్టం వర్తించే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారు దీని పరిధిలోకి వస్తారు. వేతనంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,000 రూపాయల జీతగాడికి కోత పడేది 135 రూపాయలు మాత్రమే. దానికి ప్రతిగా డిస్పెన్సరీలో డాక్టరు పరీక్ష, మందులు, అవసరమైతే పెద్దాసుపత్రిలో చికిత్స లభిస్తాయి. ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం అందుతుంది. జీతం చీటీలో ఈ కోత కనిపిస్తున్నా తమ డిస్పెన్సరీ ఎక్కడుందో తెలుసుకోని యువత చాలామందే ఉన్నారు.

వేతనం ఆ పరిమితి దాటినవారు సంస్థ ఇచ్చే గ్రూపు పాలసీలో అవుట్ పేషెంట్ సదుపాయం ఉందేమో మానవ వనరుల విభాగాన్ని అడగాలి. సొంత పాలసీకి అదనపు ప్రీమియంతో ఈ సదుపాయం జోడించుకునే వీలు కొన్ని సంస్థల్లో ఉంది. ఏడాదికి ఎంత చెల్లిస్తారు, ఏ డాక్టర్ల దగ్గర చెల్లుతుంది, మందులు, పరీక్షలు అందులో ఉన్నాయా అన్నవి చూడాలి. అదనపు ప్రీమియం దాదాపు చెల్లింపు పరిమితి అంత ఉంటే ప్రయోజనం స్వల్పమే.

తల్లిదండ్రుల కుటుంబ పాలసీలో ఉన్నవారికి మరో జాగ్రత్త అవసరం. అనేక పాలసీలలో పిల్లలకు రక్షణ 25 ఏళ్ల వరకే. గడువు ముగియకముందే విడి పాలసీకి మారితే, అప్పటికి పూర్తయిన నిరీక్షణ కాలం వృథా కాదు. కొత్తగా మొదలుపెడితే, ముందునుంచీ ఉన్న వ్యాధులకు గరిష్ఠంగా 36 నెలల వరకు ఆగవలసి రావచ్చు. ప్రీమియం పెరుగుతుందన్న భయంతో థైరాయిడ్, ఆస్తమా వంటి వాటిని దరఖాస్తులో దాచిపెడితే, అవసరమైన వేళ క్లెయిము తిరస్కరణకు గురి కావచ్చు.

క్లెయిమును అన్యాయంగా తిరస్కరించారని భావిస్తే ముందుగా బీమా సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిష్కారం లభించకుంటే 'బీమా భరోసా' పోర్టల్‌నూ, బీమా అంబుడ్స్‌మన్‌నూ ఆశ్రయించవచ్చు. అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు.

బీమా చెల్లించదన్న కారణంతో వైద్యాన్ని వాయిదా వేయడం మాత్రం తగదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, హైదరాబాద్‌లోని బస్తీ దవాఖానాలు, ఫోనులోనే డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించే 'ఈ-సంజీవని' సేవ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. ఒంట్లో బాగున్న రోజునే పాలసీ పత్రం తెరచి, ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ఒక కాగితంపై రాసి పెట్టుకుంటే, జ్వరం వచ్చిన రోజున క్లినిక్ కౌంటరు వద్ద తడబడవలసిన అవసరం ఉండదు.