చేపల కబురు వింటే చాలునా?

"నిన్న ఏట్లో శానా చేపలు పడినాయంట. మనమూ పోదాం అత్తా!" కోడలు అంది.

"ఎవరు చెప్పినారు? యాడ పడినాయి? ఏ వల వేసినారు?" అత్త అడిగింది.

కోడలికి తెలియదు. ఫోనులో ఎవరో అన్న మాట విన్నది, అంతే.

కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో తుంగభద్ర ఒడ్డున ఊళ్లున్నాయి. అక్కడ ఇలాంటి కబుర్లు రోజూ వస్తాయి. కబురు నమ్మి పోతే పుట్టి బాడుగ, ఆటో చార్జీ, ఐసు ఖర్చు అవుతాయి. చేపలు పడకపోతే ఆ ఖర్చంతా అప్పే. అందుకే అత్త అన్ని ప్రశ్నలు వేసింది.

ఒక లెక్క చూడండి. ఒకచోట 20 కేజీలు పడినాయి. ఇంకోచోట 8 కేజీలే పడినాయి. ఎక్కడికి పోవాలి? 20 కేజీలున్న చోటికే అనిపిస్తుంది. కానీ ఆ 20 కేజీలు నలుగురు మనుషులు రాత్రంతా వల వేస్తే వచ్చినవి. మనిషికి 5 కేజీలు. ఆ 8 కేజీలు ఇద్దరు రెండు గంటల్లో పట్టినవి. మనిషికి 4 కేజీలు. రెండు గంటలకే అంత వచ్చిందంటే రెండో చోటే మేలు. అందుకే ఎన్ని కేజీలని మాత్రమే అడిగితే చాలదు. ఎంతమంది, ఎంతసేపు అని కూడా అడగాలి.

ఏ చేప అన్నది కూడా ముఖ్యమే. కొత్త నీరు వచ్చి ఏరు ఎర్రగా మారితే వాలుగ, జెల్ల మేతకు తిరుగుతాయి. బొచ్చె, రాగండి లోతు మడుగుల్లో ఉంటాయి. నీళ్లు తేటగా ఉంటే పగటిపూట చేపకు వల కనబడుతుంది, తప్పించుకుంటుంది. అప్పుడు రాత్రి కట్టి పొద్దున తీసే వలే నయం. ఈ సంగతులు ఒడ్డున అడగక్కరలేదు. ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్లలో చేపలమ్మే ఆడవాళ్లను అడిగినా చెబుతారు. ఏ ఊరి నుంచి ఏ చేప దిగిందో వాళ్లకు తెల్లారేసరికే తెలుస్తుంది. మగవాళ్లు వల గొప్ప చెబుతారు. గంపలో ఉన్నదెంతో చెప్పేది ఆడవాళ్లే!

అయితే కబురు నిన్నటిది. ఏరు ఈ రోజుది. నిన్నటికీ ఈ రోజుకీ నీళ్లు మారి ఉండవచ్చు. ఎలా తెలుస్తుంది?

తుంగభద్ర డ్యాము కర్ణాటకలో, హోసపేట దగ్గర ఉంది. దానికి 33 గేట్లు. వానాకాలంలో డ్యాము లెక్క పేపర్లో వేస్తారు. అందులో ఇన్‌ఫ్లో అంటే డ్యాములోకి వచ్చే నీరు. ఔట్‌ఫ్లో అంటే బయటికి పోయే నీరు. దీన్ని క్యూసెక్కుల్లో చెబుతారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు. అంటే ఇంచుమించు రెండు బిందెలు. ఔట్‌ఫ్లోలో కాలువలకు వదిలింది కూడా కలిసి ఉంటుంది. ఏట్లోకి పోయేవాళ్లు 'నదికి' అని రాసిన అంకె వెతకాలి. నిన్నటి పేపరు పక్కన పెట్టి చూడాలి. అంకె పెరిగిందా? అయితే పుట్టి వేయకూడదు. డ్యాములో వదిలిన నీరు మన ఒడ్డుకు వెంటనే రాదు. పొద్దున ఏరు నెమ్మదిగా కనిపిస్తుంది. మనం నడి ఏట్లో ఉన్నప్పుడు నీరు వచ్చేస్తుంది.

2024 ఆగస్టు 10 రాత్రి అలాంటిదే జరిగింది. డ్యాము 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. డ్యాము మీద భారం తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తారు. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల వాళ్లను జాగ్రత్తగా ఉండమని అధికారులు హెచ్చరించారు. అలాంటి రోజు 'చేపలు బాగా పడుతున్నాయి' అన్న కబురు నిజమే కావచ్చు. అయినా పోరాదు.

ఏరు కాకపోతే చెరువులున్నాయి. గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. కానీ అక్కడ ఎవరంటే వాళ్లు వల వేయడానికి లేదు. చెరువు సంఘానికో, పాట పాడినవాళ్లకో ఇచ్చి ఉంటారు. ముందే అడిగి పోవాలి. వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో వేట నిషేధం ఉందేమో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోవాలి.

కోడలు పేపరు తెచ్చింది. వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది.

"అత్తా, నదికి వదిలింది నిన్నటికంటే రెండింతలైంది."

"మళ్లీ చదువు."

కోడలు మళ్లీ చదివింది. అదే అంకె.

అత్త వల తీసి గుంజకు తగిలించింది. "రేపటి పేపరు కూడా తే. తగ్గినంక పోదాం" అంది.