ఇంటి మార్పులు: వీధి రూపం, పొరుగువారి ఏకాంతం

పాత ఇంటిపై అంతస్తు వేయాలన్నా, పక్కన గది పెంచాలన్నా పురపాలక సంఘం నుంచి నిర్మాణ అనుమతి పొందాలి. ప్లానులో అధికారులు ప్రధానంగా పరిశీలించేవి ఎత్తు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం. ముందు వదిలిన స్థలం వల్ల వీధిలోని ఇళ్లు ఒక వరుసలో నిలుస్తాయి. ఆ స్థలంలో గది వేస్తే వరుస చెదురుతుంది. పక్కన వదిలిన స్థలం వల్ల రెండిళ్లకూ గాలి, వెలుతురు, కొంత చాటు దక్కుతాయి.

అయితే కొత్త కిటికీ పొరుగింటి పెరటివైపు తెరుచుకుంటే ఏమవుతుంది? సెట్‌బ్యాక్ దూరాన్ని కొలుస్తుంది కాని, చూపును ఆపలేదు. ఇక్కడ 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టాన్ని గమనించాలి. ఊరిలో అటువంటి ఆచారం ఉంటే, పొరుగింటి ఏకాంతానికి గణనీయంగా భంగం కలిగించే కొత్త కిటికీ పెట్టరాదని 18వ సెక్షన్ కింది ఉదాహరణ చెబుతుంది. 1888లో గోకల్ ప్రసాద్ కేసులో అలహాబాదు హైకోర్టు ఇటువంటి హక్కును గుర్తించింది. ఆచారాన్ని రుజువు చేయవలసింది మాత్రం హక్కు కోరేవారే.

కాబట్టి అనుమతి పత్రం వచ్చినంత మాత్రాన పొరుగువారి హక్కు రద్దు కాదు. ఆచారం రుజువు కాని చోట వారికి ఈ రక్షణ దొరకదు. అందువల్ల కిటికీ ఎక్కడ ఉండాలో గోడ లేవకముందే, ప్లాను దశలోనే ఇరువురూ మాట్లాడుకోవడం మేలు.