ఆంగ్ర్ ‘జూపిటర్ - థెటిస్’ చిత్రం: శరణాగతి ముద్ర, రూపవైకృతం

ఉపోద్ఘాతం:
18వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఐరోపాలో రూపుదిద్దుకొన్న నియోక్లాసికల్ చిత్రకళకు గ్రీకు, రోమన్ పురాగాథలు ముఖ్యమైన వస్తువులు. స్పష్టమైన రేఖ, నిగ్రహంతో కూడిన భావప్రకటన, శిల్పసదృశమైన దేహసౌష్ఠవం దాని ప్రధాన లక్షణాలు. జాక్ లూయీ డావిడ్ శిష్యుడైన ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ (1780-1867) 1811లో రోమ్‌లో పూర్తిచేసిన ‘జూపిటర్ - థెటిస్’ తైలవర్ణచిత్రం మొదటి లక్షణాన్ని పాటిస్తూనే చివరిదానిని ఉల్లంఘిస్తుంది. ఆ ఉల్లంఘనకు మూలం చిత్రంలోని శరణాగతి ముద్రలో ఉందని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కథాసందర్భం:
చిత్రవస్తువు హోమర్ ‘ఇలియడ్’ మొదటి సర్గలోనిది. అగమెమ్నాన్ బ్రైసీయిస్‌ను తీసుకొనిపోయి అకిలీస్‌ను అవమానిస్తాడు. అకిలీస్ తల్లి, సముద్రదేవత థెటిస్, ఒలింపస్ శిఖరంపై ఏకాంతంగా ఉన్న జ్యూస్‌ను సమీపిస్తుంది. రోమన్లు జూపిటర్ అన్నది ఇతనినే. గ్రీకులు తన కుమారుని గౌరవించేవరకు ట్రోజన్లకే విజయం ప్రసాదించమని ఆమె వేడుకొంటుంది. అప్పుడు ఒక చేతితో అతని మోకాళ్లను, మరొక చేతితో గడ్డాన్ని తాకుతుంది. కావ్యంలో ఇది ప్రణయచేష్ట కాదు. గ్రీకులు ‘హికెటేయా’ అని పిలిచిన శరణువేడే ఆచారం. శరణార్థులకు రక్షకుడు జ్యూసే అని వారి విశ్వాసం. ఆ రక్షకుడే ఇక్కడ వెంటనే బదులివ్వక చాలాసేపు మౌనం వహిస్తాడు.

చిత్రనిర్మాణం:
ఆంగ్ర్ ఎన్నుకొన్నది ఆ మౌనక్షణాన్నే. సుమారు 3.3 మీటర్ల ఎత్తు, 2.6 మీటర్ల వెడల్పు గల ఈ చిత్రంలో జూపిటర్ రాజదండం ధరించి, ప్రేక్షకునికి అభిముఖంగా, నిశ్చలంగా ఆసీనుడై ఉంటాడు. ఒక పక్క అతని వాహనమైన గద్ద, మరొక అంచున మేఘాల నుండి గమనిస్తున్న జూనో కనిపిస్తారు. అతని ముందు థెటిస్ ఎంతో చిన్నదిగా మోకరిల్లి ఉంటుంది. వెనక్కి వాలిన ఆమె మెడ అసహజంగా ఉబ్బి, చేయి ఎముక లేనట్లు సాగి ఉంటాయి. రోమ్‌లోని ఫ్రెంచి అకాడమీ విద్యార్థిగా ఆంగ్ర్ ఈ చిత్రాన్ని పారిస్‌కు పంపినపుడు అక్కడి విమర్శకులు ఈ వైకృతాన్ని దోషంగానే పరిగణించారు. 1834లో గాని ఫ్రెంచి ప్రభుత్వం దీనిని కొనలేదు. ప్రస్తుతం ఇది ఎక్సాన్ ప్రొవాన్స్ నగరంలోని గ్రానే మ్యూజియంలో ఉంది.

విశ్లేషణ - ముగింపు:
థెటిస్ దేహంలోని వక్రరేఖలన్నీ గడ్డాన్ని తాకే వేళ్ల వైపే పయనిస్తాయి. జూపిటర్ దేహం మాత్రం స్తంభంలా నిలిచి ఏ స్పందననూ వెల్లడించదు. అర్థించేవారి అశక్తతకూ, అనుగ్రహించగలవాని మౌనానికీ మధ్యనున్న దూరమే ఈ పరిమాణభేదంగా పరిణమించింది. చిత్రంలో శృంగారచ్ఛాయ లేదని దీని భావం కాదు. ఆ ఛాయకు ఆధారం కూడా శరణాగతి ముద్రే. శరీరశాస్త్ర ప్రమాణంతో కొలిస్తే ఈ చిత్రం నియమభంగంగా తోస్తుంది. హోమర్ వర్ణించిన ముద్రతో కొలిస్తే, మూలానికి అత్యంత విధేయంగా కనిపిస్తుంది. ప్రాచీనతకు విధేయత, అకాడమీ నియమాలకు విధేయత ఒకటి కావని దీనివల్ల తేటతెల్లమవుతోంది. కనుక పురాగాథాచిత్రాలను పరిశీలించేవారు శైలీలక్షణాల పట్టికకు ముందు, పాత్రల చేష్టకు మూలసంస్కృతిలో ఉన్న అర్థాన్ని నిర్ధారించుకోవడం అవసరం.