కొత్త కారుకు ప్రత్యేక ఆయిల్ ఉంటుందా?

న్యూఢిల్లీ: కొత్త కారు కొన్నవారిని తొలి నెలలోనే వేధించే సందేహం ఒకటుంది. కర్మాగారంలో ఇంజన్‌లో నింపి పంపిన ఆయిల్ మామూలుదేనా, లేక కొత్త ఇంజన్ కోసమే తయారైన ప్రత్యేక రకమా? వెయ్యి కిలోమీటర్లు తిరగగానే దానిని తీసివేయించాలని కొందరు మెకానిక్‌లు చెబుతుండగా, నిర్ణీత గడువు వరకు అదే ఉండాలని కంపెనీలు ఇచ్చే పుస్తకాలు సూచిస్తుంటాయి. ఖర్చుతోపాటు వారంటీ కూడా ఇందులో ముడిపడి ఉన్నందున ఈ సందేహాన్ని తేలికగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

నేడు అమ్ముడవుతున్న సాధారణ కార్లలో అత్యధిక భాగానికి ‘బ్రేక్-ఇన్’ ఆయిల్ అంటూ వేరే రకమేదీ ఉండదన్నదే దీనికి సమాధానం. పుస్తకంలో ఏ గ్రేడు సూచించారో సాధారణంగా అదే గ్రేడు ఆయిల్ కర్మాగారంలోనూ నింపుతారు.

పాతకాలపు సలహా

అయితే మెకానిక్‌ల సలహా నిరాధారమైనదేమీ కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు రోడ్లను ఏలిన కాలంలో సిలిండర్ల లోపలి గోడలు ఇప్పటి కంటె గరుకుగా ఉండేవి. పిస్టన్ రింగులు ఆ గోడలతో రాసుకుంటూ క్రమంగా ఒదిగేవి. ఈ రాపిడిలో రాలిన లోహపు రజను ఆయిల్‌లో చేరేది. అందుకే వెనుక అద్దంపై ‘రన్నింగ్ ఇన్’ అన్న చీటీ అంటించి బండిని నెమ్మదిగా నడిపేవారు. తొలి ఆయిల్‌ను త్వరగా మార్చేవారు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 రాకతోను, 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగిన తరువాత విదేశీ కంపెనీల ప్రవేశంతోను పరిస్థితి మారింది. ఆ తరువాత పద్మిని ఉత్పత్తి, 2014లో అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయాయి. ఆ కార్లు పోయినా సలహా మాత్రం మిగిలిపోయింది.

మార్పు ఎక్కడ?

ఆయిల్ నిలవడానికి సిలిండర్ గోడలపై అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీయడం పాత పద్ధతే. కాగా, ఇప్పుడు ఆ గీతల మధ్య మిగిలే మిట్టలను కూడా యంత్రంతోనే చదును చేస్తున్నారు. ఒకప్పుడు వందల కిలోమీటర్లు నడిపితే గాని జరగని పనిలో అధిక భాగం కర్మాగారంలోనే పూర్తవుతోంది. మిగిలిన కొద్దిపాటి అరుగుదలలో రాలే రజనును చాలామటుకు ఆయిల్ ఫిల్టర్ పట్టి ఉంచుతుంది.

మినహాయింపులు లేకపోలేదు. నిర్ణీత సర్వీసుకు ముందు తొలి ఆయిల్‌ను మార్చవద్దని హోండా తన పుస్తకాలలో స్పష్టంగా సూచించింది. ఇంజన్ బిగించేటప్పుడు భాగాలకు పూసే కందెనలలోని మాలిబ్డినం వంటి పదార్థాలు ఆయిల్‌లో కలుస్తాయి. కొత్త కారు ఆయిల్‌ను పరీక్షించినపుడు అవి కనిపించడం కూడా ‘ప్రత్యేక ఆయిల్’ అన్న నమ్మకానికి బలమిచ్చింది. ఇందుకు భిన్నంగా, బీఎండబ్ల్యూ తన ‘ఎం’ శ్రేణి కార్లకు సుమారు 2,000 కిలోమీటర్ల వద్దనే ఆయిల్ మార్పిడిని విధించింది.

బ్రేక్-ఇన్ ఆయిల్ పేరుతో మార్కెట్లో దొరికే సరుకు ప్రధానంగా బోరు చేయించి తిరిగి బిగించిన ఇంజన్ల కోసం ఉద్దేశించినది. అందులో జింకు, ఫాస్ఫరస్ పాళ్లు ఎక్కువ. దానిని కొత్త కారులో పోస్తే మేలు జరగకపోగా, ఫాస్ఫరస్ వల్ల పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ క్రమేణా దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఏం చేయాలి?

తొలి వెయ్యి కిలోమీటర్లలో ఆయిల్ రకం కంటె నడిపే తీరే ముఖ్యం. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా అదిమి తొక్కరాదు. గంటల తరబడి ఒకే వేగంతో నడపరాదు. అధిక బరువు వేయరాదు. కొత్త ఇంజన్ కొద్దిగా ఎక్కువ ఆయిల్ తాగే అవకాశం ఉన్నందున డిప్‌స్టిక్ తీసి మట్టాన్ని తరచు చూసుకోవాలి.

వెయ్యి కిలోమీటర్ల తొలి ఉచిత సర్వీసు అనేక కార్ల విషయంలో తనిఖీకే పరిమితం. ఆయిల్ మార్పిడి సాధారణంగా 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు. మోడల్‌ను బట్టి ఈ గడువు మారుతుంది కనుక పుస్తకమే ప్రమాణం. పుస్తకం వద్దని చెప్పనపుడు ముందుగా మార్పించుకుంటే ఇంజన్‌కు హాని లేదు. ఖర్చు మాత్రం అదనం. అయితే 0డబ్ల్యూ-20 గ్రేడు సూచించిన ఇంజన్‌లో అలవాటు కొద్దీ 20డబ్ల్యూ-40 వంటి చిక్కని ఆయిల్ పోయిస్తే మైలేజీ తగ్గడమే కాక, మరమ్మతు అవసరమైనపుడు వారంటీ చిక్కులు ఎదురు కావచ్చు. ఎక్కడ మార్పించుకున్నా గ్రేడు, తేదీ, కిలోమీటర్లు రాసిన బిల్లును భద్రపరచుకోవడం మరువరాదు.