నేర్పని కోచ్

మసాతో యోషీ 2018లో జపాన్‌లో ఒక పుస్తకం వేశాడు. దాని పేరుని తెలుగులో చెప్పుకుంటే "అత్యుత్తమ కోచ్ నేర్పడు" అని. కోచ్‌కి జీతం ఇచ్చేదే నేర్పడానికి కదా, ఇదేం విడ్డూరం అనిపిస్తుంది. ఆయన కెరీర్ చూస్తే మాత్రం ఊరికే అన్న మాట కాదని తెలుస్తుంది.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కానీ రనప్ ఉండదు. ఆరు బంతులేసి బౌండరీ దగ్గరికి పోయి నిలబడటం అసలే ఉండదు. మొదలుపెట్టినవాడే ఇన్నింగ్స్ తర్వాత ఇన్నింగ్స్ వేస్తూ పోతాడు. ఆ భారమంతా భుజం మీద, మోచేతి మీద పడుతుంది. బంతుల లెక్క వందకి చేరుతోందంటే కోచ్‌లకి గుబులు మొదలు.

యోషీ 1965లో వకాయామాలో పుట్టాడు. కింతెత్సు జట్టులో మ్యాచ్ చివర్లో వచ్చి గెలుపుని కాపాడే పిచర్‌గా పేరు తెచ్చుకున్నాడు. 1988లో 10 విజయాలు, 24 సేవ్‌లు. ఆ ఏడాది ఆఖరి రోజు వాళ్లు రెండు మ్యాచ్‌లూ గెలిస్తేనే లీగ్ టైటిల్. మొదటిది గెలిచారు, రెండోది టైమ్ అయిపోయి డ్రా అయింది. జపాన్‌లో ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత యాకుల్ట్‌కి మారాడు. 1998లో అమెరికా వెళ్లి న్యూయార్క్ మెట్స్‌లో చేరాడు. అప్పటికి 33 ఏళ్లు నిండుతున్నాయి. మరుసటి ఏడాది 12 మ్యాచ్‌లు గెలిచాడు, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో ఏకంగా రాండీ జాన్సన్‌కి ఎదురుగా దిగాడు. 2007లో రిటైరయ్యాడు.

నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. 2008లో నిప్పన్ హామ్‌కి పిచింగ్ కోచ్ అయ్యాడు, జట్టులో అప్పటికే దర్విష్ లాంటి స్టార్ ఉన్నాడు. కొన్నేళ్లు కోచింగ్ చేశాక, 2014లో త్సుకుబా యూనివర్సిటీలో పీజీ స్టూడెంట్‌గా చేరాడు. సబ్జెక్ట్ కోచింగే! ఇన్నేళ్లు ఆడిన మనిషి, తన అనుభవం ఒక్కటే చాలదనుకున్నాడన్నమాట. ఆయన పద్ధతి సింపుల్. మ్యాచ్ అయ్యాక కుర్రాడిని కూర్చోబెట్టి అడుగుతాడు: ఏం బాగా వేశావు? ఏం బాలేదు? ఈసారి ఏం మారుస్తావు? జవాబు వాడే వెతుక్కోవాలి. వైవాలో కూర్చున్న మనకి తెలుసు, ఆన్సర్ చెప్పేస్తే ఎంత హాయిగా ఉంటుందో, ఎంత త్వరగా మర్చిపోతామో.

దీనికి అసలు పరీక్ష రోకి ససాకి. స్కూల్లో ఉండగానే గంటకి 163 కిలోమీటర్ల వేగంతో వేశాడు. 2019 ప్రిఫెక్చర్ ఫైనల్లో అతని చేయి పాడవుతుందని స్కూల్ కోచ్ ఆడించలేదు. జట్టు ఓడింది, దేశమంతా వాదులాట. తర్వాత ససాకి లోత్తె జట్టులో చేరాడు, అక్కడ పిచింగ్ కోచ్ యోషీ. 2020 అంతా ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. శరీరం సిద్ధంగా లేదని. అభిమానుల పరిస్థితి ఊహించండి!

2022 ఏప్రిల్ 10న ససాకి 27 మంది బ్యాటర్లలో ఒక్కరినీ బేస్ దాకా రానివ్వలేదు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో 28 ఏళ్ల తర్వాత వచ్చిన పర్‌ఫెక్ట్ గేమ్. సరిగ్గా వారానికి మళ్లీ ఎనిమిది ఇన్నింగ్స్ అలాగే వేశాడు. 102 బంతులయ్యాయి, మేనేజర్ ఇగుచి బయటికి పిలిచేశాడు. మ్యాచ్ చివరికి ఓడిపోయారు. నేనైతే పిలిచేవాణ్ని కాదేమో. కానీ ఆ చేయి నాది కాదు కదా.

2023లో యోషీ వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ గెలిచిన జపాన్ జట్టుకి పిచింగ్ కోచ్. అప్పటికే లోత్తె మేనేజర్ అయ్యాడు. మొదటి ఏడాది రెండో స్థానం, తర్వాత మూడు. ససాకి అమెరికా వెళ్లిపోయిన 2025లో ఆఖరి స్థానం. సీజన్ అయ్యాక యోషీ తప్పుకున్నాడు.