వంటశాల జిడ్డు ఎవరి ఖాతాలో?

బెంగళూరులోని మా సంఘం కల్యాణ మంటపంలో 2019 ఉగాది భోజనాలు చేసినవారికి ఆనాటి పులిహోర, గారెలు, బొబ్బట్లు గుర్తుండి ఉంటాయి. నాకు మాత్రం ఆ సాయంత్రం వీధిలో జరిగిన సంగతే గుర్తుంది. సమావేశాల్లో దాన్ని పైపైన చెప్పానే కాని పూర్తిగా ఎక్కడా రాయలేదు. తప్పులో పెద్ద వాటా నాది కనుక రాయవలసిన బాధ్యత కూడా నాదే.

ఆ రోజు నాలుగు వందల విస్తళ్లు లేచాయి. నాలుగు గంటల వేళ అంట్లు తోమేచోట నీళ్లు పోవడం మానేసి చీలమండల దాకా నిలిచాయి. వంటవాళ్లు వెదురు బద్దతో పొడిచారు. ఓ బిందెడు వేడినీళ్లు కుమ్మరించారు. నీరు కదిలింది. హమ్మయ్య అనుకున్నాం. అరగంట గడవకముందే మంటపానికి దిగువనున్న ఇంటి టీచరమ్మగారు పరుగున వచ్చారు. ఆవిడ కన్నడిగులు, రిటైరై ఒంటరిగా ఉంటున్నారు. వాళ్ల స్నానాలగదిలోంచి నల్లటి నీళ్లు పైకి ఉబికి, హాల్లో వేసిన ఉగాది ముగ్గు దాకా వచ్చాయట.

పండుగ పూట ఎవరు దొరుకుతారు? ఎవరో ఒక మేస్త్రీకి ఫోన్ చేస్తే ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మ్యాన్‌హోల్ మూత తీశారు. ఇద్దరిలో చిన్నవాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, చొక్కా విప్పి నడుముకు తాడు కట్టుకున్నాడు. సంఘం కోశాధికారిగా నేను మూడు వేల రూపాయలకు వోచరు రాసి, డబ్బు లెక్కపెట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది ఒక్కటే: త్వరగా తెమిలితే చాలు.

అప్పుడు టీచరమ్మగారు అడ్డం వచ్చారు. "నీరు నాళె హోదరూ పరవాగిల్ల. ఆ హుడుగన్న ఒళగె ఇళిసబేడి" అన్నారు. నీళ్లు రేపు పోయినా ఫర్వాలేదు, ఆ కుర్రాణ్ణి లోపలికి దించొద్దని. ఇల్లు పాడైన మనిషి ఆమె. ఆ మాట అనవలసిన వాళ్లం మేము. అబ్బాయి తాడు విప్పేశాడు. రాత్రంతా ఆవిడ ఆ వాసనలోనే ఉన్నారు. తెల్లవారాక జెట్టింగ్ యంత్రం వచ్చి గొట్టం పెడితే, గడ్డకట్టిన వనస్పతిలాంటి తెల్లటి ముద్దలు బయటపడ్డాయి. అవన్నీ మా వంటశాలవే.

నేను కొట్టేసిన పద్దు

యంత్రంతో వచ్చిన ఇంజనీరు మమ్మల్ని కోప్పడలేదు. "మీ గ్రీజు ట్రాప్ ఎక్కడుంది?" అని మాత్రం అడిగాడు. నాకు వెంటనే గుర్తుకొచ్చింది. 2018లో వంటశాల బాగుచేయించినప్పుడు కాంట్రాక్టరు ఇచ్చిన అంచనాలో ఆ పేరుతో 28,000 రూపాయల పద్దు ఉంది. కనబడని వస్తువుకు అంత ఖర్చెందుకని ఎర్ర సిరాతో కొట్టేసింది నేనే. బడ్జెట్‌లో ఆ మేరకు మిగిల్చినందుకు కార్యవర్గం నన్ను మెచ్చుకుంది కూడా.

బ్యాంకు ఉద్యోగంలో హోటళ్లకు, మెస్సులకు, కేటరింగు వాళ్లకు అప్పు కాగితాలు ఎన్నో చూశాను. గ్రైండరు, చిమ్నీ, ఫ్రిజ్, బోర్డు, కుర్చీలు అన్నిటికీ కొటేషన్లు ఉంటాయి. ఈ ఒక్కటి ఉండదు. ఉన్నా మొదట ఎగిరిపోయేది అదే. లెక్కల్లో ఒక సూత్రం ఉంది: ఖర్చును పుస్తకంలోంచి తీసేసినంత మాత్రాన అది పోదు, ఇంకొకరి పుస్తకంలోకి వెళుతుంది. మా 28,000 రూపాయలు టీచరమ్మగారి ఇంట్లోకి వెళ్లాయి. ఇంకాస్త ఉంటే ఆ కుర్రవాడి ప్రాణం మీదికి వెళ్లేవి.

అసలు ఏమిటీ తొట్టి?

గ్రీజు ట్రాప్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అంట్ల నీరు వీధి కాలువలో కలిసేముందు కాసేపు నిలిచే తొట్టి. మధ్యలో అడ్డు పలకలు ఉంటాయి. నూనె నీటికన్నా తేలిక కనుక పైకి తేలుతుంది. మెతుకులు, మడ్డి అడుగుకు చేరతాయి. నడుమనున్న నీరు మాత్రం పలక కిందుగా దాటి బయటికి పోతుంది. చిన్న వంటిళ్లకు తొట్టి కింద అమర్చే స్టీలు పెట్టెలున్నాయి. పెద్ద మంటపాలకు ఆరుబయట ఇటుక, సిమెంటుతో గది కడతారు. అందులో నీరు అరగంటయినా నిలిచేలా కొలత వేయడం మంచిది. మరుగుదొడ్డి గొట్టం ఇందులో కలపకూడదు.

వేడినీళ్లు పోస్తే జిడ్డు పోతుందని మనం అనుకుంటాం. అది పోదు, ముందుకు జరుగుతుంది. నాలుగు ఇళ్ల అవతల, చల్లటి గొట్టంలో మళ్లీ గడ్డకడుతుంది. పైగా కొవ్వు మురుగులోని, కాంక్రీటు గొట్టంలోని సున్నంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థంగా మారుతుంది. లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద 2017లో ఇలాంటి ముద్ద ఒకటి దొరికింది: పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాన్ని తొలగించడానికి వారాలు పట్టింది. అందులోంచి ఒక ముక్కను 2018లో అక్కడి మ్యూజియంలో ప్రదర్శనకు కూడా పెట్టారు. మనం పోసిన ఒక బిందె వేడినీళ్లు టీచరమ్మగారి ఇంట్లో ఎలా తేలాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

నియమాలు ఏమంటున్నాయి?

నియమం లేదని కాదు, మనం చదవలేదంతే. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద, వీధి మురుగు కాలువలోకి వదిలే వ్యర్థజలంలో నూనె, జిడ్డు లీటరుకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. అంటే వెయ్యి లీటర్ల నీటిలో 20 గ్రాములు, దాదాపు ఒకటిన్నర పెద్ద చెంచాలు. ఒక్క గారెల బాణలి కడిగిన నీరు చాలు, ఆ హద్దు దాటడానికి. చెరువులో గాని, నదిలో గాని కలిసే నీటికి హద్దు ఇంకా తక్కువ, 10 మిల్లీగ్రాములే. ఆ నిబంధనను అమలుచేసే పని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. మురుగు కనెక్షను జలమండలిదో, నగరపాలక సంస్థదో అవుతుంది. షరతులు ఊరికొక తీరుగా ఉంటాయి గనుక ఈ రెండు చోట్లా అడిగి తెలుసుకోవడం యజమాని బాధ్యత.

రెండో నియమం ఇంకా పెద్దది. 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజర్ల నియామక నిషేధం, పునరావాస చట్టం ప్రకారం, రక్షణ సాధనాలు లేకుండా ఎవరినీ మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించకూడదు. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అది వర్తించేది మేస్త్రీకే కాదు, పని పురమాయించినవారికి కూడా. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదులతో సహా ఆరు మహానగరాల్లో మనుషులను దించి మురుగు తీయించడాన్ని నిషేధించింది. నేను ఆ రోజు చేతిలో పట్టుకున్న వోచరు ఎలాంటి కాగితమో ఇవన్నీ చదివాక గాని నాకు తెలియలేదు.

పెట్టించడం కాదు, తీయించడం

ఆ వేసవిలోనే మా మంటపానికి తొట్టి కట్టించాం. అంతటితో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. నిండిన తొట్టి, లేని తొట్టి ఒకటే. పైనున్న జిడ్డు, అడుగునున్న మడ్డి కలిపి తొట్టి లోతులో నాలుగో వంతుకు చేరితే తీయించాలన్నది అమెరికా నగరాలు చాలావాటిలో ఉన్న నియమం. మనమూ పాటించదగినదే. మాకు పెళ్లిళ్ల రోజుల్లో పది రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి సరిపోతోంది. తీసినది కాలువలో పారబోస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మూతబిగించిన డబ్బాలో పెట్టి, వ్యర్థాలు తీసుకువెళ్లే సంస్థకు అప్పగించాలి.

తొట్టిలోకి జిడ్డు తక్కువగా వెళ్లేలా చూడడం అన్నిటికన్నా చవక. గిన్నెలు కడిగేముందు కాగితంతోనో, పాత గుడ్డతోనో తుడవాలి. విస్తళ్లలో మిగిలినవి వేరే బుట్టలో వేయాలి. తూముకు జల్లెడ ఉండాలి. కాగిన నూనెను తూములో పోయకుండా చల్లార్చి డబ్బాకు ఎత్తాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో వాడిన నూనెను బయోడీజిలుకు మళ్లించే పథకం మొదలుపెట్టింది. దాని కింద నమోదైన సంస్థలు నూనెను డబ్బిచ్చి కొంటాయి. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వంటశాలలు 2019 మార్చి నుంచి దానికి లెక్క రాయవలసి ఉంది. వీటిలో మా వంటవాళ్లకు కష్టమనిపించినది తుడవడం ఒక్కటే. వారం రోజుల్లో అదీ అలవాటైంది.

బరంపురంలోనూ, సోలాపూర్‌లోనూ, హోసూరులోనూ, యానాంలోనూ మనవాళ్ల మంటపాలున్నాయి, మెస్సులున్నాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని మా అనుభవం కొద్దీ మనవి చేస్తున్నాను. వచ్చే ఉత్సవానికి వంటవాళ్లను మాట్లాడేముందు, మీ వంటశాల వెనక్కి వెళ్లి అంట్ల నీరు ఎటు పోతోందో ఒక్కసారి చూడండి. కాలువ నిండితే మనిషిని పిలవకండి. జలమండలికో, 14420 నంబరుకో ఫోన్ చేసి యంత్రాన్ని అడగండి.

మా వంటశాల గోడకు ఇప్పుడొక రిజిస్టరు వేలాడుతోంది. తొట్టి తీసిన తేదీ, తీయించినవారి సంతకం అందులో ఉంటాయి. దాని మొదటి పేజీకి ఆనాటి మూడు వేల వోచరు అంటించి, అడ్డంగా గీత గీసి 'రద్దు' అని రాశాను. ఆ మరుసటి ఉగాదికి కరోనా వల్ల మంటపం మూతపడింది. టీచరమ్మగారి ఇంటికి బొబ్బట్లు మాత్రం మా ఇంటి నుంచే పంపాం.